ఫోన్‌పే నంబరు ప్రెసిడెంటుది, చందా సంఘానిది: కుదురుతుందా?

ఎండలు ముదిరి చలివేంద్రాలు మొదలయ్యేసరికి ఈ పేజీకి వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. పట్టా పాసుబుక్కులు, వారసత్వ సర్టిఫికెట్లు పక్కకు పోయి, ‘సార్, మా సంఘానికి ఆన్‌లైన్‌లో చందాలు తీసుకోవచ్చా’ అన్న ఒక్క ప్రశ్నే నాలుగైదు రకాలుగా వస్తుంది. ఈసారి అవే తీసుకున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. జనం నోళ్లలో ఇంకా 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను తగ్గింపు) అనే ఉన్నాయి కనుక నేనూ అవే వాడుతున్నాను. దరఖాస్తు పెట్టే రోజున పోర్టల్‌లో ఏ నంబరు కనిపిస్తుందో అది చూసుకోండి.

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక ఊరు. పదిహేను మందిమి కలిసి నాలుగేళ్లుగా యూత్ సంఘం నడుపుతున్నాం. ఎండాకాలం చలివేంద్రం, వానాకాలం మొక్కలు, సర్కారు బడి పిల్లలకు నోటు బుక్కులు. మొదట్లో ఇల్లిల్లూ తిరిగి చందా రాసేవాళ్లం. ఇప్పుడు మా ప్రెసిడెంటు ఫోన్‌పే నంబరు వాట్సాప్ స్టేటస్‌లో పెడితే చాలు, డబ్బులు వస్తున్నాయి. పోయిన ఏడాది 3 లక్షల 80 వేలు వచ్చాయి, ఖర్చు కూడా అంతే అయింది. మొన్న ఆయన ఇంటి లోన్‌కు పోతే బ్యాంకు వాళ్లు స్టేట్‌మెంట్ చూసి ఈ డబ్బులు ఎక్కడివని అడిగారట. అప్పటి నుంచి ఆయనకు టెన్షన్, మాకూ టెన్షన్. సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు. వెబ్‌సైట్ పెట్టి విరాళాలు తీసుకోవాలంటే ఏమేం కావాలి?
– ఒక కోశాధికారి, పరకాల

జవాబు: ముందు మీ ప్రెసిడెంటు సంగతి చూద్దాం తమ్ముడూ, వెబ్‌సైట్ ఎక్కడికీ పోదు.

బంధువులు కానివాళ్ల దగ్గర నుంచి ఒక మనిషికి ఏడాదిలో మొత్తం 50 వేలు దాటి ఊరికే డబ్బు వస్తే, దాటిన భాగం మీద మాత్రమే కాదు, వచ్చిందంతా ఆయన ఆదాయం కింద లెక్కేయవచ్చని పన్ను చట్టం చెప్తుంది. ‘అది నా డబ్బు కాదు సార్, చలివేంద్రానిది’ అనే వాదన నిజమే, న్యాయమే కూడా, కానీ దాన్ని కాగితం మీద చూపించాల్సిన భారం ఆయన మీదే పడుతుంది. అందుకని ఈ వారమే కూర్చుని ఫోన్‌పే హిస్టరీ, బ్యాంకు స్టేట్‌మెంటు దింపుకొని, ఎవరు ఎంత ఇచ్చారో ఒక నోటు బుక్కులో, ఎక్కడ ఖర్చయిందో ఇంకో పేజీలో రాసి, నోటు బుక్కుల షాపు బిల్లు దగ్గర నుంచి ఐసు గడ్డల బిల్లు దాకా దొరికినవన్నీ అంటించండి. బిల్లు లేని చోట డబ్బు తీసుకున్నవాళ్ల సంతకంతో ఓచర్ రాయించండి. తర్వాత పదిహేను మందీ సంతకాలు పెట్టి, ఇది సంఘం తరఫున వసూలు చేసిన సొమ్మే అని తీర్మానం రాసుకోండి. ఇంత చేస్తే బ్యాంకువాళ్లకైనా, రేపు ఇంకెవరికైనా చూపించడానికి ఒక ఫైలు ఉంటుంది. ఈ రోజు నుంచి మాత్రం ఆయన నంబరు స్టేటస్‌లో కనిపించకూడదు.

2023 జూలైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు నా ఫోన్‌కే ఎన్ని నంబర్లు వచ్చాయో గుర్తులేదు. ఇచ్చినవాళ్లది మంచి మనసే, అడిగినవాళ్లలో కూడా చాలామందిది మంచి మనసే అయి ఉంటుంది. నేనూ ఒక నంబరుకు పంపాను. ఆ డబ్బుకు లెక్క అడుగుదామంటే ఆ నంబరు ఎవరిదో నాకే తెలియదు.

ఇక సంఘం సంగతి. విరాళాలు తీసుకునే సంస్థకు మన దగ్గర మూడు రూపాలున్నాయి. ట్రస్టు అయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ రిజిస్టర్ చేయించాలి, ఇద్దరు ముగ్గురు ట్రస్టీలతో కూడా నడుస్తుంది. సెక్షన్ 8 కంపెనీ ఇంకోటి, దానికి ఇద్దరు డైరెక్టర్లు చాలు కానీ ఏటా కంపెనీ ఫైలింగుల ఖర్చు ఉంటుంది, చలివేంద్రానికి అంత సరంజామా ఎందుకు? పదిహేను మంది కలిసి ఓట్లేసుకొని ప్రెసిడెంటును ఎన్నుకునే మీలాంటివాళ్లకు సొసైటీయే సరి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, కనీసం ఏడుగురు సభ్యులతో, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర చేయిస్తారు.

బైలా, అంటే సంఘం నియమావళి, మాత్రం జిరాక్స్ షాపులో దొరికిన నకలు పెట్టకండి. నేను ఒకసారి వరంగల్ సంఘం బైలా చదువుతుంటే నాలుగో పేజీలో ‘నిజామాబాదులోని మన కార్యాలయము’ అని కనిపించింది. అడిగితే, సెక్రటరీ గారి బావమరిది సంఘానిదట ఆ బైలా! నవ్వుకున్నాం కానీ వాళ్ల 12ఏ దరఖాస్తు ఆలస్యమైంది. ఎందుకంటే పన్ను ఆఫీసువాళ్లు బైలాలో రెండు మూడు చోట్ల గట్టిగా చూస్తారు: మీ ఉద్దేశాలు నిజంగా ప్రజల కోసమా, లాభం సభ్యులు పంచుకోకూడదని ఉందా, సంఘం రద్దయితే మిగిలిన ఆస్తి అలాంటి ఆశయాలున్న ఇంకో సంస్థకే పోవాలని రాసి ఉందా. ఆ చివరిది లేక తిరిగివచ్చిన ఫైళ్లు నా చేతి మీదుగా ఎన్నో పోయాయి.

రిజిస్ట్రేషన్ వచ్చాక సంఘం పేరు మీదే పాన్, దాని మీద బ్యాంకు ఖాతా. ఖాతా నడపడానికి ఇద్దరి సంతకాలు ఉండేలా తీర్మానం చేయండి, ఒక్కరి మీద నమ్మకం లేక కాదు, ఆ ఒక్కరికి రేపు మాట రాకుండా. ఇంతవరకు వస్తే ఆన్‌లైన్‌లో విరాళాలు తీసుకోవడానికి పునాది పడినట్టే. ఒక సొసైటీ తన పేరు మీద ఉన్న ఖాతాకు క్యూఆర్ కోడ్ పెట్టుకొని విరాళం తీసుకోవడానికి 80జీ తప్పనిసరి కాదు. ఈ మాట చాలామందికి తెలియదు. 80జీ అనేది ఇచ్చేవాళ్లకు పన్ను తగ్గడానికి. మీ సంఘం ఆదాయం మీద పన్ను పడకుండా ఉండటానికి కావాల్సింది 12ఏ, పాత చట్టం చివరి ఏళ్లలో దాని పేరు 12ఏబీ. రెండింటికీ ఆదాయపు పన్ను పోర్టల్‌లోనే దరఖాస్తు. ఇంకా పని మొదలుపెట్టని కొత్త సంస్థకు ముందుగా మూడేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. పని మొదలైన ఆరు నెలల్లోగా, లేదా ఆ మూడేళ్లు పూర్తవడానికి ఆరు నెలల ముందు, ఏది ముందు వస్తే అప్పటిలోగా పక్కా రిజిస్ట్రేషన్‌కు మళ్లీ పెట్టుకోవాలి. సంఘాలు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. తాత్కాలికం చేతికి రాగానే ఫ్రేము కట్టించి గోడకు పెడతారు, గడువు మాత్రం ఎవరి క్యాలెండర్‌లోనూ ఉండదు.

12ఏ వచ్చాక వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఆశయాల మీద ఖర్చు పెట్టాలి, 15 శాతం వరకు దాచుకోవచ్చు. ఎక్కువ దాచాలంటే దేనికోసమో ముందుగా ఫారంలో చెప్పాలి. ఏటా ఐటీఆర్ 7 రిటర్ను వేయాలి, ఆదాయం పన్ను పరిమితి దాటితే ఆడిట్ కూడా. జనరల్ బాడీ మీటింగ్ పెట్టి కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వడం వేరే పని, అది పన్ను శాఖకు సంబంధం లేదు, అయినా ఏటా చేయాల్సిందే.

ఇక పేమెంట్ గేట్‌వే, అంటే వెబ్‌సైట్‌లో దాత కట్టిన డబ్బును మీ ఖాతాకు చేర్చే కంపెనీ. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ లాంటి ఏ కంపెనీ అయినా అడిగేవి దాదాపు ఒకటే: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలా, సంఘం పాన్, సంఘం ఖాతా, సంతకం పెట్టేవాళ్ల ఆధార్, పాన్, తీర్మానం. చాలాచోట్ల 12ఏ, 80జీ కాపీలు కూడా అడుగుతారు. వెబ్‌సైట్‌లో అడ్రసు, ఫోన్ నంబరు, ప్రైవసీ పాలసీ, రీఫండ్ పాలసీ ఉండాలి. విరాళానికి రీఫండ్ ఏంటని నవ్వకండి, వెయ్యి కొట్టబోయి పదివేలు కొట్టి లబోదిబోమనేవాళ్లు ఉంటారు, వాళ్లకు ఎన్ని రోజుల్లో ఎలా తిరిగి ఇస్తారో ముందే రాసి ఉంటే గొడవ ఉండదు. బైలాలో సంఘం పేరు, పాన్‌లో పేరు, బ్యాంకులో పేరు అక్షరం తేడా లేకుండా చూసుకోండి. ఒకచోట ‘యువజన’, ఇంకోచోట ‘యూత్’ అని ఉంటే కేవైసీ దగ్గరే నెల రోజులు తిప్పుతారు.

ప్రశ్న: మేం హనుమకొండలో 1998లో పదో తరగతి పాసైన బ్యాచ్. మా బడికి రెండు గదులు కట్టిద్దామని సొసైటీ పెట్టాం, 80జీ కూడా వచ్చింది. మా క్లాస్‌మేట్స్ డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఇరవై మంది దాకా ఉన్నారు. కొందరికి అక్కడి పౌరసత్వం వచ్చింది, కొందరు ఇంకా గ్రీన్ కార్డు కోసం చూస్తున్నారు. వాళ్లు వెబ్‌సైట్‌లో కార్డుతో పంపుతామంటున్నారు. మనవాళ్లే కదా, తీసుకోవచ్చా?
– బ్యాచ్ కన్వీనర్, హనుమకొండ

జవాబు: ‘మనవాళ్లే కదా’ అన్న దగ్గరే ఆగాలి. విదేశీ విరాళాల చట్టం, అంటే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ, మనిషి ఏ ఊరివాడో చూడదు, పాస్‌పోర్టు ఏ దేశానిదో చూస్తుంది.

ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిని అనుకోండి. ఒకరు పదిహేనేళ్లుగా డల్లాస్‌లో ఉన్నా ఇప్పటికీ భారత పాస్‌పోర్టే. గ్రీన్ కార్డు వచ్చినా ఆయన మన పౌరుడే. ఆయన తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు, మీ మామూలు ఖాతాలోనే తీసుకోవచ్చు. పాస్‌పోర్టు కాపీ ఒకటి తీసుకొని ఫైల్లో పెట్టుకోండి. ఇంకొకరు పోయిన ఏడాదే అమెరికా పౌరసత్వం ప్రమాణం చేశారు. చేతిలో ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకిచ్చే) కార్డు ఉంది, సంక్రాంతికి వస్తారు, తెలుగు మనకంటే బాగా మాట్లాడతారు. అయినా ఆయన ఇచ్చేది విదేశీ విరాళమే. ఆయన హనుమకొండకే వచ్చి, చౌరస్తాలో మీ చేతిలో రూపాయల నోట్లు పెట్టినా అంతే. డాలరా రూపాయా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఆ డబ్బు తీసుకోవాలంటే కేంద్ర హోం శాఖ దగ్గర ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి సంస్థకు కనీసం మూడేళ్ల వయసు, ఆ మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. అంత చరిత్ర లేనివాళ్లు ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని చూపించి ముందస్తు అనుమతి అడగవచ్చు. ఏదైనా సరే, విదేశీ సొమ్ము మొదట దిగాల్సింది ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోనే, 2020 సవరణ తర్వాత ఇంకో దారి లేదు. ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించకూడదు. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్, ఏటా డిసెంబరు 31లోగా రిటర్ను. రెండు గదుల కోసం ఇదంతా మోయగలరా అని మీరే లెక్కేసుకోండి, నన్నడిగితే వద్దంటాను.

‘ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ఇంకో సంస్థకు పంపి అక్కడి నుంచి మనం తెచ్చుకుందాం’ అంటారు ఎవరో ఒకరు. ఒకరి ఎఫ్‌సీఆర్‌ఏ సొమ్ము ఇంకో సంస్థకు మార్చడాన్ని కూడా 2020లోనే ఆపేశారు. ఆ సంస్థే నేరుగా మీ బడిలో గదులు కట్టిస్తే తప్పు లేదు, మీరు దగ్గరుండి చూసుకోవచ్చు. ఇంకో తెలివి, ‘వాళ్ల నాన్న ఖాతాకు వేస్తారు, ఆయన మనకు ఇస్తాడు’ అని. కొడుకు తండ్రికి ఇంటి ఖర్చులకు పంపడం వేరు. సంఘానికి అని ముందే మాట్లాడుకొని ఆ పెద్దాయనను మధ్యలో నిలబెట్టడం వేరు. డెబ్బై ఏళ్ల మనిషిని ఆ చిక్కులో పెట్టకండి.

ఆచరణలో చేయాల్సింది చిన్నదే. గేట్‌వేలో విదేశీ కార్డులు ఆన్ చేయకండి. నాకు తెలిసిన ఒక సంఘం వెబ్‌సైట్ చేసిన కుర్రాడు అన్నీ టిక్కులు పెట్టేశాడు, నాలుగు నెలలకు ఆడిట్‌లో చూస్తే డాలర్లలో వచ్చిన పదకొండు పద్దులు, అందులో ఎవరు పౌరులో ఎవరు కారో తేల్చడానికి అర్ధరాత్రిళ్లు అమెరికాకు ఫోన్లు. విరాళం ఫారంలోనే ‘నేను భారత పౌరుడిని, నాది భారత పాస్‌పోర్టు’ అని ఒక గడి పెట్టి, అది టిక్ చేస్తేనే డబ్బు కట్టే పేజీ తెరుచుకునేలా చేయించండి. ఆ దేశం పౌరసత్వం తీసుకున్న మిత్రులకు మాత్రం ఎవరైనా చనువున్నవాళ్లు ఫోన్ చేసి విషయం విడమరిచి చెప్పండి. వాట్సాప్ గ్రూపులో ‘నీ డబ్బు వద్దు’ అన్నట్టు మెసేజ్ పెడితే ముప్పై ఏళ్ల స్నేహం చెడుతుంది.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ని. ఒక అనాథాశ్రమానికి ఆన్‌లైన్‌లో 5 వేలు, వెళ్లినప్పుడు చేతికి ఇంకో 3 వేలు ఇచ్చాను. రెండు రసీదుల మీదా 80జీ అని ఉంది. మా సీఏ ఏమీ రాదంటున్నాడు. ఎవరు నిజం?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: అమ్మా, చేతికిచ్చిన 3 వేల మీద రాదు. నగదు 2 వేలు దాటితే 80జీ మినహాయింపు ఉండదు. ఆన్‌లైన్ 5 వేల మీద సగం, అంటే 2,500 మీ ఆదాయంలోంచి తగ్గాలి, కానీ అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. మీ పెన్షన్‌కు కొత్త విధానం ఎంచుకొని ఉంటే 80జీ అసలు వర్తించదు. బహుశా మీ సీఏ చెప్పింది అదే. పాత విధానంలోనే ఉంటే మాత్రం రసీదు ఒక్కటే సరిపోదు, ఆశ్రమంవాళ్లు మే 31లోగా దాతల జాబితా 10బీడీ ఫారంలో పన్ను శాఖకు వేసి, మీకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. అది అడగండి. మొహమాటపడకండి, అది వాళ్లు చేయాల్సిన పనే. ఆలస్యమైతే రోజుకు 200 చొప్పున వాళ్ల మీదే ఫీజు పడుతుంది, పైన పెనాల్టీ వేరే.

సంఘాలు నడిపేవాళ్లకు ఇక్కడే ఒక మాట. 10బీడీకి ప్రతి దాత పేరు, అడ్రసు, పాన్ లేదా ఆధార్ కావాలి. మే 25న మేల్కొని ‘దాతలందరూ పాన్ ఫొటో గ్రూపులో పెట్టగలరు’ అని మెసేజ్ పెట్టే కోశాధికారులను చూశాను. రెండు వందల మంది ఉన్న గ్రూపులో పాన్ కార్డులా? డబ్బు కట్టే పేజీలోనే ఆ గడి పెట్టండి.

ప్రశ్న: మేడారం జాతరకు ప్రతిసారీ అన్నదానం చేస్తాం. ఈసారి పందిరి దగ్గర సంఘం క్యూఆర్ కోడ్, పక్కనే హుండీ పెట్టాలనుకుంటున్నాం. ఇచ్చేవాళ్లు ఎవరో మాకు తెలియదు. ఇబ్బందా? సంఘానికి 12ఏ ఉంది.
– ములుగు నుంచి ఒక సభ్యుడు

జవాబు: పేరు, అడ్రసు రాసుకోకుండా తీసుకున్నది అనామక విరాళం. క్యూఆర్‌లో పేరు కనిపించినా అడ్రసు ఉండదు కాబట్టి దాన్ని నమ్ముకోకండి. ఏడాదిలో వచ్చిన మొత్తం విరాళాల్లో 5 శాతం, లేదా లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే అంతవరకు ఫర్వాలేదు. ఆపైన దాని మీద 30 శాతం పన్ను. ఉదాహరణకు ఏడాదికి మొత్తం 12 లక్షలు వచ్చి, అందులో 3 లక్షలు పేర్లు లేనివి అనుకుందాం. 5 శాతం అంటే 60 వేలు, లక్ష దానికంటే ఎక్కువ, కనుక లక్ష వదిలేసి 2 లక్షల మీద 60 వేలు కట్టాలి. అంటే ఎన్ని విస్తర్ల అన్నమో చూడండి. పూర్తిగా మతపరమైన సంస్థలకు ఈ లెక్క వర్తించదు, కానీ అన్నదానంతో పాటు వైద్య శిబిరం, చదువు అని బైలాలో రాసుకున్న మీలాంటివాళ్లకు పరిస్థితి వేరు, బైలా పట్టుకొని సీఏ దగ్గరికి పోండి. క్యూఆర్ పక్కన ఇద్దరు పిల్లలను రసీదు బుక్కుతో కూర్చోబెట్టండి. వంద రూపాయలు ఇచ్చినవాళ్ల దగ్గర కూడా పేరు, ఊరు, ఇంటి నంబరు అడగండి, జాతరకు వచ్చినవాళ్లు రసీదు ఇస్తామంటే సంతోషంగానే చెప్తారు.

ప్రశ్న: మాది కుల సంఘం, కరీంనగర్‌లో హాస్టల్ కడుతున్నాం. 80జీ వస్తుందా?

జవాబు: ఒక కులం లేదా ఒక మతం వాళ్లకే అని బైలాలో ఉంటే రాదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతుల కోసం, స్త్రీలు, పిల్లల కోసం పెట్టిన సంస్థలకు చట్టంలోనే సడలింపు ఉంది, మీరు ఆ వర్గాల్లోకి వస్తే వస్తుంది. రాకపోతే హాస్టల్‌ను పేద విద్యార్థులందరికీ తెరవాలి, అదీ కాగితం మీద మాత్రమే కాదు.

ప్రశ్న: దాత 1,000 కట్టారు, మా ఖాతాలో 976 రూపాయల 40 పైసలే పడింది. రసీదు ఎంతకివ్వాలి?

జవాబు: వెయ్యికే. గేట్‌వే 2 శాతం, అంటే 20 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 3.60 పట్టుకుంది. పుస్తకంలో జమ వైపు 1,000, ఖర్చు వైపు 23.60 రాయండి. 976.40 అని ఒక్క పద్దుతో సరిపెడితే ఏడాది చివర 10బీడీకీ పుస్తకానికీ కలవక తల పట్టుకుంటారు.

ప్రశ్న: బడికి ఫ్యాన్లు ఇచ్చినవాళ్ల పేర్లు రెక్కల మీద రాయిస్తున్నాం. దానికి జీఎస్టీ కట్టాలని ఒకాయన భయపెట్టాడు.
– హెడ్మాస్టరు, జనగామ జిల్లా

జవాబు: ‘ఫలానావారి జ్ఞాపకార్థం’ అని రాస్తే ఏమీ లేదు, 2019లో దీని మీద సర్క్యులర్ కూడా ఇచ్చారు, కృతజ్ఞతగా పేరు రాయడం వ్యాపారం కాదని. ఆ ఫ్యాన్ల షాపాయన తన దుకాణం పేరు, సెల్ నంబరు, ‘అన్ని రకాల కూలర్లు లభించును’ అని కూడా రాయిస్తానంటే మాత్రం అది ప్రకటన. అప్పుడు ఆ లెక్క వేరు. అయినా తిరిగే రెక్క మీద నంబరు ఎవరు చదువుతారు సార్!